పీఠమెక్కింది రెండోదే

“అసలుది పారిస్‌లో ఉందంటగదరా. మరి దీని ముందు ఇంతసేపు నిలబడ్డం దేనికి?” అన్నారు మా పెదనాన్న.

లండన్ నేషనల్ గ్యాలరీలో, లియొనార్డో డా విన్చి ‘వర్జిన్ ఆఫ్ ద రాక్స్’ ఎదురుగా జరిగిన సంభాషణ ఇది. చీకటి గుహ, వెనకాల పళ్లలా పొడుచుకొచ్చిన రాళ్లు, నడుమ మరియమ్మ, ఇద్దరు పసిపిల్లలు (ఏసు, బాప్తిస్మమిచ్చే యోహాను), ఒక దేవదూత. ఇదే బొమ్మ, అవే నాలుగు రూపాలు, కొద్ది తేడాలతో పారిస్ లూవ్ర్‌లోనూ ఉంది. అది ముందు వేసింది, ఇది తర్వాతది. ఇంతవరకూ దాదాపు అందరూ ఒప్పుకునేదే.

పెదనాన్న ఒక్కరే కాదు. ఈ జంట బొమ్మల గురించి ఎక్కడ చదివినా కథ ఆ ప్రశ్న దగ్గరే మొదలై ఆ ప్రశ్న దగ్గరే ఆగుతుంది. ఏది అసలు? రెండోదాంట్లో లియొనార్డో చెయ్యి ఎంత, శిష్యుల చెయ్యి ఎంత? లండన్ బొమ్మని ఇష్టపడేవాళ్లు కూడా ఒకరకం మొహమాటంతో మాట్లాడతారు. “ఇదీ బాగానే ఉంటుంది” అన్నట్టు.

నాకు ఆ మొహమాటం అక్కర్లేదనిపిస్తుంది. ఈ పని ఎవరి కోసం మొదలైంది, ఏ గోడకి చేరాలి, చివరికి ఏది చేరింది అని లెక్క చూస్తే లండన్‌లో ఉన్నదే అసలు పని. పారిస్‌లో ఉన్నది ఆ పని దారి తప్పి ఇంకోచోట తేలిన గొప్ప బొమ్మ. ఈ మాటకి అడ్డొచ్చేవి చాలానే ఉన్నాయి. కొన్నిటికి నా దగ్గర సగం జవాబే ఉంది.

దస్తావేజు కళ్లతో

మా పెదనాన్న జన్మంతా తెనాలిలో దస్తావేజు లేఖరి. రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా బల్ల వేసుకుని కొన్ని వేల కాగితాలు రాసి ఉంటారు. బొమ్మలంటే ఆయనకి పెద్ద ఆసక్తి లేదు. “దీనికో అగ్రిమెంటు ఉంది పెదనాన్నా, 1483 నాటిది” అనగానే మాత్రం ఇటు తిరిగారు.

“బయానా ఎంత? గడువు రాసుకున్నారా?”

రాసుకున్నారు. 1483 ఏప్రిల్ 25న మిలాన్‌లో ఒప్పందం. పని చేయించుకునేది మరియమ్మ పేరిట ఏర్పడిన ఒక భక్తసంఘం. వాళ్ల ప్రార్థనా మందిరం సాన్ ఫ్రాంచెస్కో గ్రాందె అనే పెద్ద చర్చిలో ఉండేది. పని చేసేది ముగ్గురు: లియొనార్డో, అన్నదమ్ములు అంబ్రోజో దె ప్రెదిస్, ఎవాంజెలిస్తా దె ప్రెదిస్. మొత్తం 800 లిరాలు. మే 1న 100 చేతికి, జులై నుంచి నెలకి 40 చొప్పున వాయిదాలు. పనంతా అయ్యాక చూసి, సంఘం తగునన్నంత పైన ముట్టజెప్పాలి. గడువు అదే ఏడాది డిసెంబర్ 8, మరియమ్మ జన్మపాపం అంటకుండానే తల్లి గర్భంలో పడిందని నమ్మేవాళ్లు పండగ చేసుకునే రోజు.

ఆ నమ్మకం అప్పటికింకా చర్చిలో గొడవల్లో ఉంది. చర్చిలోని రెండు సన్యాసి శాఖల్లో ఫ్రాన్సిస్కన్లు అవునంటే డొమినికన్లు కాదనేవాళ్లు. 1470లలో ఫ్రాన్సిస్కన్ అయిన పోప్ సిక్స్‌టస్ నాలుగో వాడు పండక్కి ఆమోదం ఇచ్చాక సంఘాలకి ధైర్యం వచ్చింది. అది పూర్తి స్థాయి సిద్ధాంతమైంది 1854లో. నాలుగేళ్లకి ఫ్రాన్స్‌లోని లూర్దులో కనిపించిన మాత తన్ను తాను చెప్పుకున్నది ఆ సిద్ధాంతం పేరుతోనే, ‘అమలోద్భవి’ అని. మన బెజవాడ గుణదల కొండమీద ఉన్నది ఆ లూర్దు మాతే. అంటే మిలాన్‌లో ఈ బొమ్మ వేయించుకున్నవాళ్ల నమ్మకమూ, ఫిబ్రవరిలో గుణదల కొండెక్కేవాళ్ల నమ్మకమూ ఒకటే. ఈ మాట చెప్పాక పెదనాన్న బొమ్మవంక రెండోసారి చూశారు.

ఒప్పందంలో ఇంకేమేం ఉన్నాయో చూస్తే నవ్వొస్తుంది. అమ్మవారి పైవస్త్రం బంగారు జరీతో, మంచి నీలంతో ఉండాలి. కొండలూ రాళ్లూ తైలవర్ణంలో ఉండాలి. నడిమి పలకలో అమ్మతోపాటు బిడ్డ, దేవదూతలు, ఇద్దరు ప్రవక్తలు. పక్కన రెండు పలకలు, ఒక్కోదాంట్లో నలుగురేసి దేవదూతలు, ఒకవైపు పాడుతూ ఒకవైపు వాయిస్తూ. వీటన్నిటినీ జాకొమో దెల్ మాయినో చెక్కిన, ప్రార్థనా మందిరం పీఠంమీద నిలిపే పెద్ద కొయ్యమండపంలో అమర్చాలి. ఆ మండపానికి బంగారు పూత, రంగులు కూడా వీళ్లే వెయ్యాలి.

చేతికొచ్చిందేమిటి? ప్రవక్తలు లేరు. నడిమి పలకలో దేవదూత ఒక్కరే. పక్క పలకలు ఇప్పుడు నేషనల్ గ్యాలరీలోనే ఉన్నాయి, లియొనార్డో చుట్టూ పనిచేసినవాళ్లు వేసినవి. నలుగురి చోట ఒక్కొక్కరున్నారు, ఇద్దరూ వాయిస్తున్నారు. పాటగాళ్లు గల్లంతు.

“మరి సంతకం ఎలా పెట్టారు పని ముట్టిందని?” అన్నారు పెదనాన్న.

పెట్టలేదు. అదే ఈ కథంతా.

పాతికేళ్ల తగాదా

1490ల తొలి సగంలో ఎప్పుడో లియొనార్డో, అంబ్రోజో కలిసి మిలాన్ పాలకుడికి ఒక అర్జీ పెట్టుకున్నారు. అప్పటికి ఎవాంజెలిస్తా పోయాడు. అర్జీ సారాంశం ఇది: మీరిచ్చిన 800 లిరాలూ మండపం పనికే సరిపోయాయి. నడిమి బొమ్మ ఒక్కటే 100 డుకాట్లు చేస్తుంది, సంఘంవాళ్లు 25 ఇస్తామంటున్నారు. గుడ్డివాడు రంగుల గురించి తీర్పు చెప్పలేడు. కాబట్టి తెలిసినవాళ్లతో వెల కట్టించండి, లేదంటే బొమ్మ మాకు వదిలెయ్యండి, ఆ ధరకి కొనేవాళ్లు వేరే ఉన్నారు.

నాలుగు లిరాలు ఒక డుకాటు అనుకుంటే 100 డుకాట్లంటే 400 లిరాలు. అంటే పనిమొత్తం విలువ 1,200 లిరాలని వాళ్ల వాదన. సంఘం 900 దగ్గర ఆగింది.

ఆ కొనేవాళ్లెవరో అర్జీలో లేదు. ఎక్కువమంది పండితుల ఊహ ఏమిటంటే, మొదటి బొమ్మ ఆ తగాదాలోనే చేయి జారి ఏ రాజు దగ్గరికో వెళ్లిపోయింది. మిలాన్ దొర లుదొవికో స్ఫోర్జా కొని కానుకగా పంపాడంటారు కొందరు. ఫ్రెంచి రాజు పన్నెండో లూయీ పట్టుకెళ్లాడంటారు మరికొందరు. 1625లో ఫ్రాన్స్ రాజులు విడిది చేసే ఫోంతెన్‌బ్లో మహల్లో ఒక ఇటాలియన్ పెద్దమనిషి దాన్ని చూసి రాసుకున్నాడు. అది ఖాయం. ఆ మధ్య నూట ముప్ఫై ఏళ్లు ఎవరి ఊహ వారిది.

సంఘానికి బొమ్మ కావాలి కాబట్టి రెండోది మొదలైంది. 1499లో ఫ్రెంచి సైన్యం మిలాన్‌లోకి దిగింది, లియొనార్డో ఊరు విడిచాడు. 1503లో అంబ్రోజో మళ్లీ అర్జీ పెట్టాడు, ఈసారి ఫ్రెంచి రాజుకి. 1506 ఏప్రిల్‌లో తీర్పొచ్చింది: పని పూర్తికాలేదు, లియొనార్డో రెండేళ్లలో పూర్తిచెయ్యాలి, అప్పుడు ఇంకో 200 లిరాలు. అప్పటికాయన ఫ్లోరెన్స్‌లో ఊరి పెద్దల సభామందిరం గోడమీద ఒక యుద్ధచిత్రం మొదలుపెట్టి ఉన్నాడు. దాన్నలా వదిలి మిలాన్ వచ్చాడు. 1507లో కొంత, 1508 అక్టోబర్‌లో మిగతాది చెల్లించారు. 1508 ఆగస్టు నాటికే బొమ్మ మండపంలోకి ఎక్కింది.

ఎనిమిది నెలల్లో అవ్వాల్సింది పాతికేళ్లు పట్టింది. అయినా సంఘం చేతికొచ్చింది రెండో బొమ్మే. పూర్తి సొమ్ము ముట్టింది దానికే. మొదటిది ఒక్కరోజైనా ఆ పీఠంమీద ఉందని ఖాయంగా చెప్పే కాగితం లేదు.

పెదనాన్న అప్పుడొక మాటన్నారు. “అదిగదరా, సర్టిఫైడ్ నకలైతే కోర్టులో చెల్లుతుంది. అసలు ఎవరి బీరువాలో ఉంటే ఏం?” మాట సొంపుగానే ఉంది గానీ నేను ఒప్పుకోలేదు. నకలు చెల్లేది దాని వెనక అసలు ఉండబట్టి. ఇక్కడ అలా కాదు. మొదటిది రిజిస్టరే కాని దస్తావేజు. రాసినవాడి చేతిలో చిత్తుప్రతిగా ఉండగానే వేరేవాళ్లు పట్టుకుపోయారు. రిజిస్టరైంది రెండోది. ఇలా చెప్తే “అదీ నిజమే” అని ఊరుకున్నారు, అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాకపోయినా.

నాకు ఎదురు నిలిచేవి

ఇప్పుడు రెండోవైపు చెప్పాలి. అది బలంగానే ఉంది.

లూవ్ర్ బొమ్మ ముందు నిలబడితే ఈ వాదనంతా కాసేపు నోరు మూసుకుంటుంది. గ్రాండ్ గ్యాలరీ గోడమీద వేలాడుతుంటుంది. జనం మోనాలిసా గదికి పరుగెత్తుతూ దాన్ని దాటుకుపోతారు కాబట్టి తీరిగ్గా చూడొచ్చు. వెలుతురు పొగలా పాకుతుంది. మొక్కల ఆకులు ఎవరో పొలంలో కూచుని గీసినట్టుంటాయి. దేవదూత ముఖం కోసం వెండిమొనతో వేసుకున్న చిత్తు ఒకటి తురిన్ రాజగ్రంథాలయంలో ఉంది. దాన్ని చూసి ఈ ముఖం చూస్తే చెయ్యి ఎవరిదో అడగాల్సిన పని లేదు. ఆ దేవదూత మనవైపు చూస్తూ, చిన్న యోహానువైపు వేలు చూపిస్తుంది.

లండన్ బొమ్మలో ఆ వేలు లేదు, ఆ చూపూ లేదు. దేవదూత తన లోకంలో తానుంది. రంగులు చల్లబడ్డాయి, నీలం ఎక్కువైంది, మనుషులు కొంచెం పెద్దవయ్యారు, పాలరాతి విగ్రహాల్లా గట్టిపడ్డారు. తలల వెనక వలయాలు, యోహాను భుజాన శిలువ కర్ర ఉన్నాయి. అవి తర్వాతెవరో కలిపినవే. పిల్లల్లో ఏసు ఎవరు, యోహాను ఎవరని భక్తులు తికమకపడి ఉంటారు. తికమక న్యాయమైందే. అమ్మ చెయ్యి వేసి దగ్గరికి తీసుకున్నది తన బిడ్డని కాదు, యోహానుని. ఏసు కింద, దేవదూత పక్కన కూర్చుని ఆశీర్వదిస్తుంటాడు. బిడ్డ వీపు వెనకున్న దేవదూత చెయ్యి చూడండి, అది పూర్తికానే లేదు. పాతికేళ్లు కొట్లాడి తీసుకున్న బొమ్మలో చెయ్యి అసంపూర్తి!

ఆన్ పిట్సోరుస్సో అనే అమెరికన్ భూగర్భ శాస్త్రవేత్త 1996లో ఒక వ్యాసం రాసింది. పారిస్ బొమ్మలో రాళ్ల పొరలు, వాటి మధ్య దూరిన మరో రకం రాయి, అరిగిన తీరు, ఏ రాతి సందులో ఏ మొక్క మొలుస్తుందో, అన్నీ ప్రకృతిలో ఉన్నట్టే ఉన్నాయనీ, లండన్ బొమ్మలో రాళ్లు ఉత్త రాళ్లేననీ ఆమె వాదన. రాళ్ల గురించి పుటలు పుటలు రాసుకున్న లియొనార్డో ఇలా వేసి ఉండడని ఆమె ముగింపు. మొక్కల మీద కూడా వృక్షశాస్త్రం తెలిసినవాళ్లు ఇదే రకం అభ్యంతరాలు చెప్పారు.

ఆ వ్యాసం చదివినప్పుడు నా వాదన సగం కూలింది అనిపించింది. తర్వాత ఆలోచిస్తే, కూలింది వేరేవాళ్ల వాదన. “రెండోది కూడా పూర్తిగా లియొనార్డోదే” అనేవాళ్లు జవాబు చెప్పుకోవాలి. నేను అనేది అది కాదు. రాళ్లు తక్కువ నిజంగా ఉన్నాయంటే బొమ్మ తక్కువ అసలైందని కాదు. ఇరవై ఏళ్లలో ఒక చిత్రకారుడికి ప్రకృతిని అచ్చు దింపాలన్న మోజు తగ్గి, రూపాలని ప్రకృతికన్నా గంభీరంగా చెయ్యాలన్న ఆలోచన రావడంలో వింతేముంది? ఈ జవాబు లండన్ క్యురేటర్లు ఇచ్చేదే, నాది కాదు. నాకిది ముప్పావు వంతే నచ్చుతుంది. మిగిలిన పావు: శిష్యుడు వేసిన రాయి శిష్యుడి రాయిలాగే ఉంటుంది. ఉండనివ్వండి.

మ్యూజియం తొందర

నేషనల్ గ్యాలరీ మీద నాకున్న ఒకే ఒక్క ఫిర్యాదు ఇక్కడే. 1880లో ఈ బొమ్మని 9,000 పౌండ్లకి కొన్నారు. చాలాకాలం ‘లియొనార్డో, శిష్యులు’ అన్నట్టే చెప్పుకున్నారు. 2008 నుంచి 2010 దాకా శుభ్రం చేశారు. 1940ల చివర్లో పూసిన వార్నిష్ పసుపెక్కి ఉంటే తీసేశారు. లోతు బయటపడింది, నీడల్లో ఉన్న మెట్లు కనిపించాయి. దాంతో, ఇదంతా లియొనార్డో ఒక్కడి చేత్తోనే వేసి ఉండొచ్చని ప్రకటించారు. మరుసటేడాది నవంబర్‌లో లియొనార్డో మిలాన్ రోజుల మీద పెద్ద ప్రదర్శన పెట్టారు. లూవ్ర్ తన బొమ్మని పంపింది. రెండూ ఒకే గదిలో ఎదురెదురుగా వేలాడాయి. చరిత్రలో అదే మొదటిసారి అన్నారు, నిజమే అయ్యుంటుంది.

ప్రదర్శన గొప్పదే. ప్రకటనే నాకు మింగుడు పడలేదు. ఒక బొమ్మ విలువ నిలబెట్టడానికి ప్రతి కుంచెగీతా ఒకే మనిషిది అని చెప్పాల్సి రావడమేమిటి? మ్యూజియం, పత్రికలు, వేలంపాటల వాళ్లు, అందరూ కలిసి అడిగే ప్రశ్న అది. ఒప్పందంలో ఆ ప్రశ్న లేదు. అక్కడ ముగ్గురి పేర్లున్నాయి, ఒక పని ఉంది. ఎవరు ఏ మడత దిద్దారన్నది వాళ్లింటి సంగతి. రెండో బొమ్మని రక్షించాలనుకుంటే “మొత్తం ఆయనదే” అనక్కర్లేదు. “ఇదే మిలాన్ సంఘం అడిగి, కొట్లాడి, తెచ్చుకున్న బొమ్మ” అంటే చాలు. మొదటి మాట రేపు ఏ పరీక్షలోనో తేలిపోవచ్చు. రెండోదానికి కాగితాలున్నాయి.

దీనికీ ఎదురుమాట ఉంది, నేనే చెప్తాను. ఒప్పందంలో లియొనార్డోని ‘మాస్టర్’ అని ప్రత్యేకంగా రాశారు. 1506 తీర్పు అంబ్రోజోని పూర్తి చెయ్యమనలేదు. అతను మిలాన్‌లోనే ఉన్నాడు, పని తెలిసినవాడు. అయినా ఎక్కడో ఫ్లోరెన్స్‌లో ఉన్న లియొనార్డోనే రావాలని పట్టుబట్టింది. అంటే చెయ్యి ఎవరిదన్న పట్టింపు ఈనాటి మ్యూజియాలు పుట్టించింది కాదు, అప్పుడూ ఉంది. దీన్ని నేను పూర్తిగా తోసిపుచ్చలేను. ఒకటి మాత్రం గమనించాలి. ఆయన వచ్చి, కొంత వేసి, కొంత వదిలేసి, ఆ వదిలేసిన చెయ్యి అలాగే ఉండగా సంఘం డబ్బు కట్టింది. వాళ్లకి ఆయన రావాలి, పని ముగిసిందనాలి. వేలివేలికీ లెక్క అడగలేదు.

రంగు కింద ఇంకో బొమ్మ

నన్ను పూర్తిగా రెండోదాని వైపు తిప్పింది ఈ కాగితాలేవీ కాదు. 2005లో పరారుణ కిరణాలతో తీసిన ఒక ఫొటో.

రంగు పొరల కింద ఏముందో చూద్దామని లండన్ నిపుణులు తీశారు. ఇప్పుడు పైన కనిపించే బొమ్మకి గీసుకున్న రేఖలు ఎలాగూ దొరికాయి. వాటికింద మరో బొమ్మ రేఖలున్నాయి. అందులో మరియమ్మ వేరే తీరులో ఉంది. మోకాళ్లమీద ఉంది, ఒక చెయ్యి గుండెల మీద, రెండోది బయటికి చాచి. తల వంపు వేరు, చోటు వేరు. 2019లో మరింత లోతుగా పరీక్షిస్తే దేవదూత, బిడ్డ కూడా మొదట వేరే చోట వేరే భంగిమలో ఉన్నారని తేలింది. ఆ రేఖలు గీసిన పదార్థంలో కాస్త జింక్ ఉండబట్టి యంత్రానికి చిక్కాయి.

దీని అర్థం చూడండి. రెండో పలక ముందు నిలబడ్డప్పుడు లియొనార్డో మొదటిదాన్ని తిరిగి వెయ్యాలనుకోలేదు. కొత్త బొమ్మ మొదలుపెట్టాడు. అంతా గీసుకున్నాక దాన్ని చెరిపేసి, పాత అమరికకే తిరిగొచ్చాడు. సంఘం పట్టుబట్టిందో, ముందు చూపించినదే మాకు కావాలందో, సమయం లేదో. కారణం ఏదైనా, ఆ పలకలో ఒక మనిషి ఆలోచన మార్చుకున్న ఆనవాలు ఉంది. అచ్చు దింపేవాడు అంతలా తడబడడు. చూసి వేసేవాడికి ఆలోచన మార్చుకోవాల్సిన పనేముంది?

లండన్ బొమ్మని నకలు అనే మాట నాకు అక్కడే చచ్చిపోయింది. ఆ కొత్త అమరిక పైకి వచ్చి ఉంటే ఎలా ఉండేదో అని ఊహించుకుంటూ ఆ గదిలో చాలాసేపు గడిపిన సందర్భాలున్నాయి, పెదనాన్నతో వచ్చినప్పుడు కాదులెండి, ఆయన కాళ్లు నొప్పులంటారు.

చెక్క, గుడ్డ, గోడ

అసలు అన్నమాటని వస్తువు పరంగా తీసుకున్నా కథ చిక్కుగానే ఉంది. పారిస్ బొమ్మ ఇప్పుడు లియొనార్డో రంగు వేసిన చెక్కమీద లేదు. 1806లో అకెన్ అనే మరమ్మతుదారు చెక్కని వెనకనుంచి తీసేసి రంగుపొరని గుడ్డమీదికి ఎక్కించాడు. అప్పట్లో ఫ్రాన్స్‌లో ఆ పద్ధతి మీద బాగా మోజు. పైన మనం చూసేది లియొనార్డో రంగే, సందేహం లేదు. కానీ దాని ఒళ్లు వేరు. లండన్‌ది మాత్రం ఇంకా తన పాప్లర్ చెక్కమీదే ఉంది.

దాని దారి కూడా వేరే. 1508 నుంచి అది ఆ సంఘం సొత్తు. 1576 ప్రాంతంలో ఆ ప్రార్థనా మందిరాన్నే కూల్చారు, బొమ్మ మాత్రం సాన్ ఫ్రాంచెస్కో ఆవరణ దాటలేదు. 1584లో మిలాన్ చిత్రకారుడు లోమాత్సో తన పుస్తకంలో దాన్ని అక్కడున్నదిగానే చెప్పాడు. 1781లో సంఘాన్నే రద్దుచేశారు. నాలుగేళ్లకి గావిన్ హామిల్టన్ అనే స్కాట్లండ్ చిత్రకారుడు, బొమ్మల వ్యాపారి కొని ఇంగ్లండ్ పట్టుకుపోయాడు. లాన్స్‌డౌన్ ప్రభువు, సఫక్ ప్రభువు ఇళ్ల మీదుగా గ్యాలరీకి చేరింది. కొయ్యమండపం పోయింది. చర్చిని పందొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్లలో నేలమట్టం చేశారు.

కాబట్టి 270 ఏళ్లకి పైగా మిలాన్‌లో మోకాళ్లూనినవాళ్లు చూసింది లండన్ బొమ్మనే. పారిస్ బొమ్మకి ఖాయంగా తెలిసిన జీవితమంతా రాజమహళ్లలో, ఆ తర్వాత మ్యూజియంలో. ఇది దాని తప్పేమీ కాదు. దాన్ని తక్కువ చెయ్యడమూ కాదు. పీఠంకోసం వేసిన బొమ్మకి పీఠం మీద గడిపిన రోజులు లెక్కలోకి రావాలా వద్దా అన్నదే నా ప్రశ్న. రావాలంటాను. బొమ్మ అందం వేరు, బొమ్మ పని వేరు అని ఎవరైనా అంటే, అందానికి పారిస్ వెళ్లమంటాను, నేనూ వెళ్తాను.

ఆ గోడమీద ఇంకొక సంగతి ఉండేదంటారు. మండపం మధ్యలో మరియమ్మ చెక్క విగ్రహం ఉండేది. లియొనార్డో పలక దానికి ముందు తెరలా నిలిచి, పండగరోజు మాత్రం పక్కకో కిందకో జరిగేదని కొందరు పండితుల ఊహ. అది నిజమైతే ఏడాదంతా అందరూ చూసే బొమ్మ పండగనాడు తప్పుకునేదన్నమాట. గ్యాలరీలో ఎదురుగా బెంచీ వేసి కూర్చోబెట్టి చూపించే మనకి ఆ ఊహే కాస్త ఇబ్బందిగా ఉంటుంది.

మూడోది

అన్నిటికన్నా నాకు ఇష్టమైన కాగితం 1508 ఆగస్టుది. బొమ్మ మండపంలోకి ఎక్కిందో లేదో, అప్పుడే లియొనార్డో, అంబ్రోజో ఇద్దరూ సంఘంతో ఇంకో ఒప్పందం చేసుకున్నారు. బొమ్మని దింపుకుని ఇంకో ప్రతి వేసుకోవడానికి అనుమతి. అంబ్రోజో వేస్తాడు, లియొనార్డో చూసుకుంటాడు, వచ్చిన డబ్బు ఇద్దరూ పంచుకుంటారు. పాతికేళ్లు కోర్టులు తిరిగినవాళ్లు, పని అప్పజెప్పిన నెలలోనే!

దీన్ని చూశాక ‘అసలు ఒక్కటే ఉండాలి’ అన్న పట్టుదల లియొనార్డోకి లేదని నాకనిపిస్తుంది. ఆయనకి అమరిక ఒక ఆస్తి. దానిమీద ఎన్నిసార్లు పని వస్తే అన్నిసార్లు చెయ్యొచ్చు. మనం రెండు మ్యూజియాల మధ్య తాడు లాగుతున్నామే, ఆ తాడు ఆయన చేతిలో ఎప్పుడూ లేదు. అలాగని ఇది నా వాదనకి పూర్తిగా కలిసొచ్చే కాగితమూ కాదు. పీఠమెక్కిన బొమ్మే అసలని నేనంటే, ఆయనేమో దాన్ని పీఠంమీంచి దింపి మూడోదానికి నమూనా చేసుకోవడానికి సిద్ధం. సంఘం కూడా సరేనంది.

ఆ మూడోది వేశారా, వేస్తే ఏదన్నది తేలలేదు. మిలాన్ శివారు అఫోరీలో సాంతా జ్యుస్తీనా చర్చిలో ఒక పాత ప్రతి ఉంది, స్విట్జర్లండ్‌లో ఒకరి సొంత సేకరణలో మరొకటి ఉంది. రెండిటి వెనకా లియొనార్డో పేరు చెప్పేవాళ్లున్నారు, కాదనేవాళ్లూ ఉన్నారు. అఫోరీది ఇప్పటికీ చర్చిలోనే ఉంది. ఈసారి ఇటలీ వెళ్తే ముందు దాన్ని చూడాలని ఉంది.